చిన్న ఫ్లాట్‌లో షుగర్ గ్లైడర్లు: కేజ్ ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ పెట్టాలి?

వారంలో ఒక్కరైనా ఇదే అడుగుతుంటారు: "మాది టూ బీహెచ్‌కే. షుగర్ గ్లైడర్ల జంటను తెచ్చుకుందామని పిల్లలు ఒకటే గొడవ. మీరు చెప్పేంత పెద్ద కేజ్ మా ఇంట్లో పట్టదు. చిన్నది కొంటే సరిపోదా?"

సరిపోదు. కానీ మీరు భయపడుతున్నంత చోటు కూడా అక్కర్లేదు. నేల మీద రెండడుగుల చదరం ఖాళీ ఉంటే చాలు, మిగతాదంతా గోడ వెంట పైకి తీసుకోవచ్చు. ఇవి చెట్ల మీద బతుకుతూ కొమ్మ నుంచి కొమ్మకు గాల్లో తేలే చిన్న ప్రాణులు, అడవిలో నేలకు దిగేదే తక్కువ. ఎక్కడానికి, దూకడానికి పైకి చోటుంటే అవి హాయిగా ఉంటాయి. చిన్న ఇంటివాళ్లకు ఇది కలిసొచ్చే సంగతే.

షాపుల్లో 'ఎగిరే ఉడుత' అని అమ్ముతుంటారు గానీ, ఉడుతలతో వీటికి చుట్టరికం లేదు. ఇవి ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు జీవులు. కంగారూలా పిల్లల్ని పొట్ట సంచిలో పెంచుతాయి. ఒళ్లు జానెడు కూడా ఉండదు, తోక ఇంచుమించు అంతే పొడవు, బరువు 100 గ్రాములకు అటూఇటూ. పగలంతా నిద్ర, రాత్రంతా హడావుడి. గుంపుగా బతికే జాతి కాబట్టి ఒక్కదాన్నే పెంచకూడదు, కనీసం రెండు ఉండాలి. బాగా చూసుకుంటే 10 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి. అంటే ఈ కేజ్ కూడా మీ ఇంట్లో బీరువాలా అన్నేళ్లు ఉండిపోతుంది. అందుకే తొందరపడి కొనొద్దని బతిమాలుతున్నాను.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. కాలిఫోర్నియా, హవాయి, అలాస్కా రాష్ట్రాల్లో వీటిని ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం. వేరే రాష్ట్రాల్లో ఉన్నా మీ ఊరి నిబంధనలు, అపార్ట్‌మెంట్ లీజు చూసుకున్నాకే కేజ్ గురించి ఆలోచించండి. కింద రాసింది ముఖ్యంగా మన హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఫ్లాట్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

కావలసినవి

- కొలత టేపు, అంగుళాలూ సెంటీమీటర్లూ ఉన్న చిన్న స్కేలు
- గదిలో వేడి చూపే డిజిటల్ థర్మామీటర్. ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునేదైతే మంచిది
- తెల్ల గుడ్డ ముక్క
- తలుపులకు అదనంగా వేయడానికి రెండు మూడు స్ప్రింగ్ క్లిప్పులు
- నాలుగు లోతైన చిన్న పళ్లేలు (ఎందుకో 6వ మెట్టులో చెబుతాను)
- వంటింటి డిజిటల్ త్రాసు

1. ముందు ఇల్లు కొలవండి, తర్వాత షాపుకెళ్లండి

చాలామంది కేజ్ చూసి ముచ్చటపడి తెస్తారు, ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియక బాల్కనీలో పెడతారు. అక్కడే కథ మొదటికొస్తుంది. గోడ పక్కన ఖాళీ ఎంతుందో వెడల్పు, లోతు, ఎత్తు మూడూ రాసుకోండి. కేజ్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, మీరు దాని ముందు కూర్చుని శుభ్రం చేయగలగాలి. అందుకు ముందు వైపు ఇంకో రెండడుగులు వదలాలి. గది తలుపు, లిఫ్ట్ తలుపు వెడల్పు కూడా కొలవండి. వెల్డింగ్ చేయించిన కేజ్ లిఫ్ట్‌లో పట్టక అయిదో అంతస్తుకు మెట్ల మీద మోసినవాళ్లు నాకు తెలుసు.

2. కొలత: ఎంతకు తగ్గకూడదు?

రెండు గ్లైడర్లకు కనీసం 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 3 అడుగుల ఎత్తు. అంటే సుమారు 60 × 60 × 90 సెంటీమీటర్లు. ఇది కనీసం మాత్రమే. నేను మాత్రం నాలుగున్నర అడుగుల ఎత్తుకు వెళ్లమంటాను. లెక్క చూడండి: 2 × 2 × 3 అంటే 12 ఘనపుటడుగులు, 2 × 2 × 4.5 అంటే 18. నేల మీద అదే చోటు, లోపల ఒకటిన్నర రెట్లు.

నడవా లాంటి ఇరుకు చోటైతే 3 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతుతో కూడా చేసుకోవచ్చు. లోతు అంతకంటే తగ్గితే మాత్రం అవి పరుగెత్తి ఆడుకునే చక్రం లోపల పెట్టాక వాటికి మసలే చోటుండదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. షాపులో 'అయిదడుగుల కేజ్' అని చెప్పేది స్టాండు, దాని కింది చక్రాలు, పైన గోపురంలాంటి ముక్క అన్నీ కలిపి. మీరు కొలవాల్సింది జంతువు తిరిగే లోపలి ఎత్తు. కింది ట్రే నుంచి పైకప్పు దాకా టేపు పెట్టండి. అయిదడుగులన్నది మూడడుగుల కంటే తక్కువ తేలడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో మాట. ఆడ, మగ జంటను తెచ్చుకుంటే మగదానికి వంధ్యీకరణ ఆపరేషన్ చేయించే డాక్టరు మీ ఊళ్లో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. పిల్లలు పుట్టడం మొదలైతే ఏ కేజూ చాలదు.

3. ఊచల మధ్య సందు: దీంట్లో రాజీ వద్దు

సందు అర అంగుళం మించకూడదు, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు. ఒక ఊచ లోపలి అంచు నుంచి పక్క ఊచ లోపలి అంచు దాకా స్కేలుతో కొలవండి. ఒక్కచోట కొలిచి వదిలేయకండి. మూలల్లో, తలుపు చుట్టూ, ట్రే జరిగే పట్టీ దగ్గర సందు ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. స్కేలు లేకపోతే రెండు మామూలు పెన్సిళ్లు పక్కపక్కన పట్టుకుని దూర్చి చూడండి. దూరాయంటే ఆ కేజ్ వద్దు.

మా మొదటి కేజ్ చిలకల కోసం చేసింది. ఊచల మధ్య ముప్పావు అంగుళం. అమ్మిన అతను ఇదేం దూరుతుందన్నాడు, నేనూ నమ్మాను. మూడో రాత్రి రెండింటిలో చిన్నది బయటికొచ్చేసింది. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా ఇల్లంతా గాలించాం. చివరికి ఫ్రిజ్ వెనక, వెచ్చగా ఉండే చోట ముడుచుకుని పడుకుని కనిపించింది. దానికేం కాలేదు. కానీ ఆ మూడున్నర గంటలూ మా అమ్మాయి ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. వీటికి తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే.

ఊచలు అడ్డంగా ఉంటే ఎక్కడానికి బాగుంటుంది. అన్నీ నిలువుగా ఉంటే కాళ్లు జారతాయి. నిలువు ఊచల కేజ్ ఇప్పటికే ఉంటే, సందు సరిగ్గా ఉన్న పక్షంలో, లోపల కొమ్మలూ గుడ్డ నిచ్చెనలూ ఎక్కువగా వేలాడదీయండి.

4. లోహం, దాని పూత

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో పట్టించే పూత) చేసిన ఇనుము, లేదా స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండూ మంచివి. స్టీలు ఖరీదెక్కువ, కానీ సముద్రం పక్క ఊళ్లలో తుప్పు బాధ తెలిసినవాళ్లు అటు మొగ్గితే తప్పులేదు.

వద్దనేవి ఇవి:

పౌడర్ కోటింగ్ లేని జీఐ మెష్, అంటే జింకు పూత మాత్రమే ఉన్న ఇనుప జాలీ. కోళ్లకు, కుందేళ్లకు వాడేది. చవకగా దొరుకుతుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే పడుతుంది. కానీ గ్లైడర్ల మూత్రం పడితే ఆ జింకు పూత తినేసుకుపోతుంది. ఇవి ఊచల్ని నాకుతూ కొరుకుతూ ఉంటాయి కాబట్టి జింకు లోపలికి పోయి విషమవుతుంది. పైగా పూత పోయిన తీగకు పట్టిన వాసన ఎంత కడిగినా వదలదు.

చెక్క, ప్లైవుడ్. పాత అల్మరాకు జాలీ కొట్టించి కేజ్‌గా మారుద్దామా అని అడుగుతుంటారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ చెక్క మూత్రాన్ని పీల్చుకుంటుంది. చిన్న ఇంట్లో ఆ వాసన తట్టుకోలేరు.

అక్వేరియం, గాజు పెట్టెలు. గాలి ఆడదు, ఎక్కడానికి పట్టు దొరకదు.

5. తలుపులు, గడియలు. కొనాలా, చేయించాలా?

పక్షుల కేజ్‌లకు పైకి జరిపే చిన్న తలుపులుంటాయి. గ్లైడర్లు వేళ్లతో వాటిని ఎత్తేస్తాయి. అలాంటి ప్రతి తలుపుకూ, తిండిగిన్నె పెట్టే కిటికీకి కూడా, స్ప్రింగ్ క్లిప్పు వేయాలి. మీ రెండు చేతులూ, వాటి మధ్య చక్రమూ పట్టేంత పెద్ద తలుపు ఒకటి ఉండి తీరాలి. పైన ఒకటి, కింద ఒకటి ఉంటే శుభ్రం చేయడం సగం తేలిక.

అన్నీ కుదిరిన రెడీమేడ్ కేజ్ దొరికితే అదే కొనండి. దొరకకపోతే మీ వీధి వెల్డింగ్ షాపే దిక్కు, నిజానికి చిన్న ఇంటి కొలతలకు అదే బాగా కుదురుతుంది కూడా. మాటతో చెప్పి రావొద్దు, కాగితం మీద ఇలా రాసివ్వండి:

- బయటి కొలత, లోపలి ఎత్తు విడివిడిగా
- మెష్ సందు అర అంగుళం లేదా అంతకంటే తక్కువ
- వెల్డింగ్ ముద్దలు, తీగ కొనలు గ్రైండింగ్ చేసి నున్నగా ఉండాలి
- రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించేలా ఉండాలి
- అడుగున బయటికి లాగే ట్రే, దాని పైన కూడా మెష్
- నాలుగు కాళ్లు, కనీసం ఆరంగుళాల ఎత్తు
- వెల్డింగ్ అంతా అయ్యాకే పౌడర్ కోటింగ్. ఆయిల్ పెయింట్ వద్దు

చివరిది గట్టిగా చెప్పండి. పౌడర్ కోటింగ్‌కు వేరే చోటికి పంపాలి కాబట్టి కొందరు బ్రష్‌తో పెయింట్ వేసి ఇచ్చేస్తారు. ఆ పెయింట్ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, అవి జంతువు నోట్లోకి పోతాయి.

6. ఎక్కడ పెట్టాలి?

మన ఊళ్లలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. కేజ్ ఎంత మంచిదైనా తప్పు చోట పెడితే ప్రాణం మీదికొస్తుంది.

వేడి: వీటికి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. 32 దాటితే ప్రమాదం మొదలైనట్టే. మేలో మన పై అంతస్తు ఫ్లాట్లు రాత్రి కూడా చల్లబడవు. కేజ్ కొనకముందే, పెట్టాలనుకున్న గోడ దగ్గర, అవి పడుకునే ఎత్తులో థర్మామీటర్ వేలాడదీసి మూడు రోజులు చూడండి. నేల మీద పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వేడి గాలి పైకి చేరుతుంది, వీటి పడక కూడా పైనే. పడమటి గోడ సాయంత్రానికి పెనంలా కాలుతుంది, దానికి ఆనించొద్దు. వేసవిలో మీరు ఆఫీసుకెళ్లాక ఏసీ ఆపేసే గదైతే ఆ గది లెక్కలోకి రాదు. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. ఏసీ గాలి, కూలర్ గాలి నేరుగా తగలకూడదు. ఒళ్లు చాచి నీరసంగా పడుకోవడం, ముంజేతులు అదే పనిగా నాకుతూ ఉండటం కనిపిస్తే వెంటనే చల్లని చోటికి మార్చి డాక్టరుకు ఫోన్ చేయండి.

బాల్కనీ: వద్దు. ఎండ, వాన, కాకులు, పిల్లులు. జాలీ బిగించిన బాల్కనీ అయినా వద్దు.

వంటిల్లు, పూజగది పక్కన: పోపు ఘాటు, అగరుబత్తి పొగ, దోమల బత్తి, ఫినాయిల్ వాసన ఇంత చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు. నాఫ్తలీన్ గోళీలున్న బీరువా పక్కన కూడా పెట్టొద్దు.

పడకగది: రాత్రి చక్రం తిరుగుతుంది, కుక్కపిల్లలా మొరుగుతాయి. పరీక్షలకు చదివే పిల్లలో, నిద్ర పట్టని పెద్దవాళ్లో ఉంటే హాల్లో ఒక మూల నయం. పగలు ఆ మూల మరీ వెలుతురుగా, టీవీ మోతతో ఉండకూడదు. అవి నిద్రపోయే వేళ అది.

చీమలు: వీటి తిండిలో పండ్లు, తీపి ఉంటాయి. ఒక్క రాత్రిలో చీమలు బారులు తీరతాయి. చీమల చాక్‌పీసు గీత గీయడం, స్ప్రే కొట్టడం మాత్రం ప్రాణాంతకం, అవి పురుగుమందులే. మా నాయనమ్మ పాలూ నెయ్యీ పెట్టే జాలీ బీరువా కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టేది. నేనూ అదే చేస్తున్నాను, ఒక్క చీమ ఎక్కలేదు. ఆ నాలుగు పళ్లేలు అందుకే. కేజ్ గోడకు గానీ కర్టెన్‌కు గానీ తగలకూడదు, తగిలితే చీమలకు అదే వంతెన. నీళ్లు మూడు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

7. లోపల ఏమేం ఉండాలి?

పడుకునే సంచి పైభాగంలో వేలాడాలి. ఫ్లీస్ గుడ్డతో కుట్టినదైతే మంచిది. పాత టర్కీ టవల్, ఊలు స్వెటర్ వాడొద్దు, ఆ దారపు పోగుల్లో గోళ్లు చిక్కుకుని వేళ్లు తెగిన సందర్భాలున్నాయి.

చక్రం సుమారు అడుగు వ్యాసంతో, పరుగెత్తే పట్టీ సందుల్లేకుండా, మధ్యలో అడ్డంగా ఇరుసు లేకుండా ఉండాలి. హామ్‌స్టర్లకు అమ్మే తీగ చక్రాల్లో తోకలు, కాళ్లు ఇరుక్కుంటాయి.

నీళ్లకు బాటిలూ పెట్టండి, గిన్నే పెట్టండి. బాటిల్ గొట్టంలోని గోళీ ఇరుక్కుంటే రాత్రంతా దాహంతో ఉంటాయి.

కొమ్మల కోసం జామాయిల్ చెట్టు వెతకండి. దాని అసలు పేరు యూకలిప్టస్, అడవిలో ఈ గ్లైడర్లు ఆ చెట్ల జిగురు కూడా తింటాయి. పురుగుమందు కొట్టని కొమ్మ తెచ్చి కడిగి ఎండబెట్టి వాడుకోండి. గన్నేరు కొమ్మ మాత్రం ఇంట్లోకే తేవొద్దు, నిలువెల్లా విషం.

8. అవి రాకముందే చేయాల్సిన పరీక్షలు

తడి తెల్ల గుడ్డతో ఊచలన్నీ గట్టిగా తుడవండి. రంగు గానీ తుప్పు గానీ అంటితే తిరిగిచ్చేయండి. తర్వాత చేతి వెనక వైపుతో లోపలి మూలలన్నీ నిమరండి. మీ చర్మం గీసుకుంటే వాటి రెక్క పొర చిరుగుతుంది. ముందుకాలి నుంచి వెనకకాలి దాకా ఉండే ఆ పల్చటి చర్మమే వాటి రెక్క.

తలుపులన్నీ వేసి కేజ్‌ను రెండు చేతులతో ఊపండి. గడియ ఏదైనా కదిలిందా? దానికి క్లిప్పు వేయండి. కేజ్ తూలితే పైభాగాన్ని తాడుతో గోడ కొక్కేనికి కట్టండి, పొడవు కేజ్‌లకు ఇది తప్పనిసరి.

గది చీకటి చేసి, వెలిగించిన సెల్‌ఫోన్ టార్చ్ లోపల పెట్టి బయటి నుంచి చుట్టూ చూడండి. ట్రే దగ్గర, అతుకుల దగ్గర వెలుగు వెడల్పుగా వచ్చే చోటే అవి రేపు తప్పించుకునే చోటు.

9. కేజ్ ఒక్కటే చాలదు, గదిలో వదలాలి

ఇంట్లో పట్టే ఏ కేజ్‌లోనూ ఇవి నిజంగా గాల్లో తేలలేవు. రోజూ రాత్రి గంటో రెండు గంటలో మీ కళ్లెదుట బయట తిరగనివ్వాలి. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, స్విచ్ మీద కాగితం అంటించండి. కిటికీలు మూయండి. బాత్రూం తలుపు వేయండి, బకెట్లలో నీళ్లు ఉంచొద్దు. నిండు బకెట్‌లో, కమోడ్‌లో పడి చనిపోవడం వీటి విషయంలో తరచూ వినే విషాదం. ఎలుకల జిగురు అట్టలుంటే తీసేయండి. ఖాళీ గది లేకపోతే జిప్పుతో మూసుకునే చిన్న టెంటు హాల్లో వేసి, అందులో మీరూ కూర్చోండి. నాలుగు రోజుల్లో మీ భుజాలే వాటికి కొమ్మలవుతాయి.

10. కేజ్ సరిపోయిందో లేదో మూడు వారాల్లో అవే చెబుతాయి

మొదటి వారం రోజూ పొద్దున సంచి మెల్లగా తడిమి రెండూ ఉన్నాయని చూసుకోండి. వారానికోసారి వంటింటి త్రాసు మీద చిన్న గిన్నెలో పెట్టి బరువు రాసుకోండి. తగ్గుతూ పోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రాత్రి పదకొండు తర్వాత లైటు వేయకుండా పది నిమిషాలు దూరంగా కూర్చుని గమనించండి. అన్ని మూలలకూ తిరుగుతూ, ఎక్కుతూ దిగుతూ, చక్రం ఎక్కి ఆడుకుంటుంటే కేజ్ కుదిరినట్టే. ఒకే చోట మళ్లీ మళ్లీ వెనక్కి పిల్లిమొగ్గలు వేస్తున్నా, ఒకే ఊచ పట్టుకుని గంటల తరబడి కొరుకుతున్నా, తోక వెంట్రుకలు పీక్కుంటున్నా, ముక్కు మీద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కనిపించినా అవి ఇబ్బంది పడుతున్నాయి. చూసేవాళ్లు ఆ మొగ్గల్ని ఆటనుకుని వీడియోలు తీస్తుంటారు, నాకు గుండె చివుక్కుమంటుంది. ముందు డాక్టరుకు చూపించండి. ఒంట్లో బాగానే ఉందంటే వెల్డింగ్ షాపుకు మళ్లీ వెళ్లి అదే కొలతతో ఇంకో అడుగున్నర పై అంతస్తు చేయించి, పాత కేజ్ మీద బోల్టులతో బిగించండి. రెండు ముక్కలుగా చేయించమన్నది ఇందుకు కూడా.